అందులో ఎవరున్నారు

ఈ రోజు ఒక సంతోషమైన జ్ఞాపకాన్ని పూర్తిగా తలచుకోండి, అందులో ఎవరెవరున్నారో చూడండి, అంటోంది ఫోను. తలచుకుంటానులే తల్లీ, తలచుకోక నాకేం పని, ప్రొద్దుటూరులో బస్సెక్కినప్పటి నుంచి కిటికీ పక్కన కూర్చుని చేస్తున్నది అదే, అయినా ఒక్కటీ చేతికి చిక్కడం లేదు. మధ్యాహ్నానికి పులివెందులలో పెద్దమనుషుల ముందు నిలబడాలి. మొగుడి దగ్గరికి పోతావా పోవా అని అడుగుతారు. పోనంటే ఎందుకు పోవో చెప్పమంటారు. చెప్పలేకపోతే పోవాల్సిందే, సాయంత్రానికి ఆ చీనీతోటలో, అదే బత్తాయితోటలో, ఇంటి వాకిలి ఊడుస్తూ ఉంటాను. ఏడాది నుంచి ఆ కారణం కోసమే వెతుకుతున్నాను. కొట్టాడా, లేదు. తాగుతాడా, లేదు. ఇంకో ఆడదా, అయ్యో రామ, ఆ మనిషికి నాతో మాట్లాడడానికే మాటలు లేవు, ఇంకోదానితో ఏం మాట్లాడతాడు. మరి ఏముందమ్మా నీకు కష్టం? ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే నా కష్టం అని చెబితే పెద్దమనుషులు తువ్వాళ్లు దులుపుకుని లేచి వెళ్లిపోతారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ లేచి వెళ్లిపోతాను.

ఈ టారో కార్డుల పిచ్చి పట్టుకుని కూడా ఏడాదే అయింది. అమ్మ ఇంటికి వచ్చేసి, అఖ్తర్ బీ కుట్టు షాపులో జాకెట్ల పనికి కుదిరిన కొత్తలో, షాపుకు వచ్చే కాలేజీ పిల్ల ఒకతి ఆ యాప్ నా ఫోనులో వేసి ఇచ్చింది. పొద్దున్నే ఒక కార్డు తిరగబడుతుంది, కింద ఎవరో తెలుగును తిరగలిలో వేసి విసిరినట్టు నాలుగు వాక్యాలు ఉంటాయి. అమ్మ మొదట్లో తిట్టింది. "ఎనకటికి చిలక తీస్తాండె, ఇప్పుడు ఫోను తీస్తాందా?" అంది. ఒకరోజు సూర్యుడి కార్డు వస్తే మాత్రం తడిచేతులు కొంగుకు తుడుచుకుని ఫోనుకే దండం పెట్టింది. తలకిందులుగా వేలాడే మనిషి వచ్చిన రోజు దిష్టి తీసి పారేసింది. నేను జాతకం కోసం చూడను, నా జాతకం నాకు తెలుసు. పొద్దున్నే నన్ను ఒక ప్రశ్న అడిగేది అదొక్కటే, అందుకని చూస్తాను. ఈ రోజు వచ్చింది ఆరు కప్పులు. ఆరు గిన్నెల్లో ఆరు పూలు, ఒక పిల్లవాడు ఒక చిన్నపిల్లకు గిన్నె అందిస్తున్నాడు. నిన్న సెలవు అడిగినప్పుడే ఎక్కడికో ఎందుకో అఖ్తర్ బీకి చెప్పాను, అందుకే పొద్దున బస్సెక్కగానే ఆమెకు ఫోన్ చేసి ఈ కార్డు సంగతి చెబితే నన్ను నవ్వించాలని చూసింది. "ఆరు కప్పులంటనా? మన షాపులో ఉండేది నలుగురం, ఇంగ రెండు చాయలు ఎవురికే?" అంది. నవ్వాను కూడా.

జమ్మలమడుగులో బస్సు ఆగీ ఆగకముందే మామ ఎక్కేశాడు. నారాయణ మామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, పంచాయితీలో నా తరఫున మాట్లాడే నోరు ఆయనదే, ఆడపిల్ల నోరెత్తకుండా మేనమామ మాట్లాడడం మా వాళ్లలో పద్ధతి. ఆయన కోసమే నేరుగా పోయే బస్సు వదిలి ఈ చుట్టుదారి పట్టాను. "జరుగు పాపా, తిన్న్యావా?" అంటూ కూర్చున్నాడు, ఒళ్లో బరువుగా ఒక గుడ్డసంచి పెట్టుకున్నాడు. కండక్టర్ వచ్చి నా ఆధార్ అడిగాడు, ఆడవాళ్లకు టికెట్ ఊరికే కదా ఇప్పుడు. కార్డు మీద పేరు కింద కార్తీక్ భార్య అని, ఆ తోట ఊరు పేరు. కండక్టర్ ఊరికే చూశాడు, తిరిగి ఇచ్చాడు, అతనికేం తెలుసు పాపం, నాకు మాత్రం ఎవరో ఒంటి మీది కొంగు లాగినట్టయింది. మామ తన టికెట్టు జేబులో పెట్టుకుంటూ వెనకసీట్లో వాళ్లకు వినబడేలా, "ఆడోళ్లకు బస్సు ఊరికే పెట్న్యారు గదా, ఇంగ మొగుని కాడ ఎవురుంటారు?" అని నవ్వాడు. మా మామ మంచివాడే. నోటికి, మనసుకు మధ్య తలుపు లేదంతే. ఆ నోటితోనే నన్ను ఆ ఇంటికి ఇచ్చాడు, ఇప్పుడు ఆ నోటితోనే మళ్లీ అప్పజెబుతాడేమోనని నా భయం.

బస్సు పెన్న వంతెన మీదికి వచ్చింది, కింద నీళ్ల కంటే ఇసుకే ఎక్కువ, సరే, సంతోషమైన జ్ఞాపకం, కళ్లు మూసుకుంటే మొదట వచ్చేది వాసన. చీనీ పూత వాసన. తెల్లవారుజామున మిద్దె మీద నులకమంచం వేసుకుని పడుకుంటే తోటంతా ఆ వాసనే. లేచి పళ్లు కూడా తోముకోకుండా మంచం మీదే కూర్చుని ఫోనులో పాటలు పెట్టుకుని గొంతెత్తి పాడుతున్నాను, నా పాటకు కింద కుక్క మొరుగుతోంది, నోరుముయ్యవే అని దాన్ని తిట్టి మళ్లీ అందుకుంటున్నాను. ఆ రోజు అన్నం వండలేదు. ఆటో ఎక్కి టౌనుకు పోయి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకుని వచ్చి, జుట్టు విరబోసుకుని గడపలో కూర్చుని తిన్నాను, కారానికి కళ్లల్లో నీళ్లు కారుతున్నా ఆపలేదు. అబ్బ, ఎంత బాగుందో ఆ రోజు. ఎవరున్నారు అందులో? నేను, కుక్క. కార్తీక్ ఏడి? కార్తీక్ కాయల లారీతో బెంగుళూరు మార్కెట్టుకు పోయాడు. అయితే ఇంకొకటి. వాన పడిన రోజు. ఎండాకాలం పొడవునా బోర్లు ఎండి, తోట వాడి, ఒక్కసారిగా దబదబా పడిన వాన, కాయ కోసే ఆడవాళ్లూ నేనూ కళ్లంలో తడుస్తూ గొబ్బి తట్టినట్టు చుట్టూ తిరిగాం, ఒకామె బురదలో జారిపడితే ఆమె మీద ఇంకొకామె. ఎవరున్నారు? ఆ ఆడవాళ్లంతా ఉన్నారు. ఆయన బండి చప్పుడు వినబడగానే నేను లోపలికి పోయి తల తుడుచుకున్నాను. తిట్టలేదు, ఏమీ అనలేదు. మోటారు ఆపినావా, అని అడిగాడు. ఆపినా, అన్నాను. ఆ రోజుకు మా మాటలు అవే.

"నీ మొగునికి ఏం తక్కువ, చెప్పు పాపా" అన్నాడు మామ, నా మొహంలో ఏం చూశాడో.

"ఏం తక్కువ లేదు మామా."

"మరి?"

"అదే తెల్దు."

"తెల్దంటే యాడన్నా సరిపోతాదా? పంచాయితీలో నగుతారు మనల్ని చూసి. పోయినసారి ఏమాయె, మర్సిపోయినావా?"

మరిచిపోతానా. పోయినసారి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొడతాడా అని అడిగారు, లేదన్నాను. అత్తగారి బాధ ఉందా అని అడిగారు, ఆమె పోయి చాలా ఏళ్లయింది, ఉన్నన్నాళ్లూ నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పంచాయితీ పెట్టాక ఏదో ఒక తప్పు దొరకాలి, దాన్ని దిద్దాలి, లేకుంటే ఇంతమంది వచ్చి కూర్చున్నందుకు అర్థం ఏముంది. చివరికి ఒక పెద్దాయన మీసం సవరించుకుని, ఏదేమైనా అల్లుడు ఇంక మందు ముట్టకూడదు, గండి అంజన్న మీద ఒట్టు పెట్టల్ల, అన్నాడు. జన్మలో మందు వాసన చూడని మనిషి చేత, అరచేతిలో కర్పూరం వెలిగించి, ఇక మీదట తాగనని ఒట్టు పెట్టించారు. పెట్టాడు కూడా! నేను తాగను గదా అని ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఆ పెద్దాయన మీద కాదు, ఈయన మీద. నోరు తెరిచి ఒక్కసారి కాదు అను, అబద్ధం అను, కేకలు వెయ్యి, నన్ను కూడా తిట్టు, ఏదో ఒకటి చెయ్యి, ఈ మనిషి లోపల ఎవరైనా ఉన్నారా లేరా అని నాకు తెలియాలి. చెయ్యి కాలేదాకా కర్పూరం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఇంక ఇంటికి పొండి, అన్నారు. నేను మాత్రం ప్రొద్దుటూరు బస్సెక్కి అమ్మ దగ్గరికే వచ్చేశాను. అందుకే ఇప్పుడు రెండో పంచాయితీ.

ముద్దనూరు దాటింది బస్సు, ఇంక కొండ మలుపులు, ఆ తర్వాత పులివెందులే, త్వరగా వెతుక్కోవే సుధారాణి, ఆయన ఉన్న సంతోషం ఒక్కటి దొరికితే పోదువు, నీ మొండితనం కరిగిపోతే అమ్మ కూడా నిమ్మళంగా నిద్రపోతుంది. గండికోట! గండికోట ఎలా మరిచిపోయాను, పెళ్లయిన కొత్తలో బండి మీద పోయాం, దారి పొడవునా గాలికి ఆయన చొక్కా ఉబ్బి నా మొహానికి తగులుతోంది, నాకు నవ్వు ఆగలేదు. లోయ అంచున బండరాయి మీద కూర్చున్నాను, ఎక్కడో కింద పెన్న పచ్చగా, చూస్తే భయం, ఆ భయంలోనే పెద్దగా నవ్వాను, ఆ నవ్వు ఫోటో ఇప్పటికీ ఉంది, నా మొహం అంత బాగా ఏ ఫోటోలోనూ లేదు. హమ్మయ్య, దొరికింది. ఆ ఫోటో తీసింది ఆయనే కదా. ఆయనేనా? ఆగు, ఆగు. అక్కా, ఇటు చూడండి, కాస్త నవ్వండి అని అన్నది ఒక ఆడగొంతు. బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లలు, ఒకమ్మాయి ఎర్రటి టోపీ పెట్టుకుని ఉంది, నా ఫోను తీసుకుని ఆ అమ్మాయే తీసింది. కోతులు బండి సీటు చింపుతాయని ఆయన బండి దగ్గర కాపలా ఉన్నాడు. నేను తిరిగొచ్చేదాకా అక్కడే ఉన్నాడు, ఎండలో. చూసినావా, అన్నాడు. చూసినా, అన్నాను. ఫోనులో ఉన్న ఆ ఫోటో ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు చూసుకున్నానో, ప్రతిసారీ ఎదురుగా ఆయన ఉన్నాడనే అనుకున్నాను.

"ఏంది మామా ఆ సంచిలో?" అని అడిగాను, ఆలోచన తెంచుకోవడానికి.

"బియ్యం."

"పులివెందులలో బియ్యం దొరకవా?"

మామ నా వైపు చూడలేదు. "మీ అత్త కట్టిచ్చింది పాపా. పసుపు, ఎండుకొబ్బర, వక్కలు, రైకగుడ్డ అన్నీ ఉండాయి. పెద్దాయనతో ఫోన్లో మాట్లాడినా. మాటలు అయిపోతానే ఆన్నే ముత్తైదువులను పిలిచి ఒడి బియ్యం పోసి పంపిస్తామని చెప్పినా."

చెప్పినా, అన్నాడు. అడుగుతాం కాదు, చూస్తాం కాదు. ఒడి బియ్యం పోశాక ఇంక మాట ఉండదు. కొంగు పట్టి బియ్యం పోయించుకున్న ఆడది ఆ ఒడి విప్పేది మొగుడి ఇంట్లోనే, దారిలో పుట్టింటి గడప కూడా తొక్కకూడదు, తొక్కితే రెండిళ్లకూ అరిష్టం అంటారు. అందుకా పొద్దున అమ్మ బీరువాలోంచి ఈ ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టుకోమంది? పంచాయితీకి పట్టుచీర ఎందుకమ్మా అంటే కొంగు పెద్దదిలే కట్టుకో అంది, కళ్లు మాత్రం పొయ్యి వైపు పెట్టింది. అమ్మకు తెలుసు. జమ్మలమడుగు అత్తకు తెలుసు. ఈ బస్సులో బియ్యానికి కూడా తెలుసు ఎక్కడికి పోతున్నామో, నాకు తప్ప. కోపం వచ్చింది, సంచి లాక్కుని కిటికీలోంచి కుమ్మరిద్దామనిపించింది. "నన్ను అడగల్ల గదా మామా" అన్నాను. "అడిగితే తెల్దంటావు. ఆ సంబంధం తెచ్చినోన్ని నేను. నలుగుర్లో నా మాట ఏం గావాల? పిల్లోల్లు పుడితే అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. ఆయన గొంతు వణికింది. బెదిరించి ఉంటే ఎదురు తిరిగేదాన్ని, ఆ వణుకుకు ఏం చెప్పను.

కొండ దిగాం. చీనీతోటలు మొదలయ్యాయి, ముదురాకుపచ్చగా రోడ్డుకు రెండు వైపులా, ఇంక దాచుకోవడానికి లేదు, ఇంతసేపూ కావాలని పక్కకు నెడుతున్న జ్ఞాపకం ఒకటుంది. నాకు డెంగ్యూ వచ్చినప్పటిది. ఆసుపత్రి మంచం పక్కన ఇనప స్టూలు మీద ఆయనే కూర్చున్నాడు, పగలూ రాత్రీ, తోటలో కాయ కోతకు వచ్చిన రోజులు అవి, అయినా కదలలేదు. చీనీకాయ ఒలిచి, తొన మీది పొర తీసి, గింజ తీసి, ఒక్కొక్కటే నా నోటికి అందించాడు. ఎంత శ్రద్ధగా ఒలిచాడో ఆ మొద్దువేళ్లతో. మాట్లాడలేదు, నొప్పిగా ఉందా అని అడగలేదు, గింజ లేకుండా చూశాడు అంతే. మరి అది సంతోషం కాదా? చెప్పు, రాక్షసీ, అది కాకపోతే ఇంకేమిటి సంతోషం? నాకు తెలియదు. ఆ తొన మింగుతున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది, మంచివాడు, ఎంత మంచివాడు, ఈ మంచితనానికి బదులు నేను జన్మంతా ఈ ఇంట్లో నిశ్శబ్దంగా ఉండాలి కదా అని ఏడుపొచ్చింది. అది దయ. దయతో బతకొచ్చు, చాలామంది బతుకుతున్నారు, అమ్మ అదీ లేకుండానే బతికింది. నేనెందుకు బతకలేను? కన్నీళ్లు కారిపోతున్నాయి, కిటికీ వైపు తిరిగాను. మామ నా వీపు నిమిరాడు. "ఏడువు పాపా, ఏడిస్తే మనసు తేటపడతాది" అన్నాడు. నేను ఒప్పుకున్నాననే అనుకున్నాడు. నిజానికి నేనూ అప్పుడు అదే అనుకున్నాను, పట్టేస్తాను కొంగు, పోయనీ బియ్యం, అయిపోనీ.

పులివెందుల బస్టాండులో కార్తీక్ నిలబడి ఉన్నాడు. బస్టాండుకే వస్తాడని ఎవరూ అనుకోలేదు. "అల్లుడే వచ్చినాడు సూడు!" అని మామ మొహం వెలిగిపోయింది, దిగగానే ఆయన భుజం తట్టి, "ఒడికి పూలు మర్సిపోతి, పూలు ల్యాకుంటే యట్ల, ఈన్నే ఉండండి" అంటూ సంచితో సహా గబగబా నడిచాడు. మా ఇద్దరినీ కాసేపు వదలాలని ఆయన తెలివి. కార్తీక్ చిక్కాడు, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, కాలరు దగ్గర సరిగా పడలేదు.

"బాగుండావా?" అన్నాడు.

"ఉండా. నువ్వు?"

"ఉండా."

అయిపోయాయి మాటలు. ఇద్దరం ఒక అరటిపండ్ల బండిని చూస్తూ నిలబడ్డాం. ఇదే, ఎనిమిదేళ్లూ ఇదే, ఇంకో ముప్పై ఏళ్లూ ఇదే.

"ఏమప్పా, ఒకటి అడుగుతా, చెప్తావా?" అన్నాను.

"అడుగు."

"మన ఎనిమిదేండ్లల్లో నువ్వు బాగా సంతోషంగా ఉండిన దినం ఒకటి చెప్పు."

ఆయన నన్ను చూసి, తల పక్కకు వంచాడు. చెట్టు మీద కాయ ఎంత ఉందో అంచనా వేసేటప్పుడు అలాగే తల వంచి ఆలోచిస్తాడు.

"అబద్ధం చెప్పల్నా, నిజం చెప్పల్నా?"

"నిజమే చెప్పు."

"నువ్వు పోయినంక" అన్నాడు. "నువ్వు మీయమ్మ కాడికి పోయినంక ఒక దినం కరెంటు ల్యాకపాయ. పనోళ్లు గూడా రాలా. నీళ్లతొట్టిలో దిగి చిన్నపిల్లోని మాదిరి శానాసేపు మునుగుతా ఉంటి. అయినంక ఉల్లిగడ్డ కొరుక్కోని సంగటి తింటి. ఇంట్లో మనిషుంది, ఏదన్నా మాట్లాడల్ల, ఏం మాట్లాడల్లో తెల్దే అనే గుబులు లేదు ఆ దినం. పెండ్లయినప్పుటి నుంచి అట్ల నిద్ర పోల్యా." అని, నా మొహం చూసి బెదిరిపోయాడు. "తప్పు మాట్లాడితినా?"

దెబ్బ తగిలింది. ఎంత విడ్డూరం, ఆయన లేని రోజులన్నీ ఏరుకుంటూ ఇంత దూరం వచ్చినదాన్ని, నేను లేని రోజు ఆయనకు బాగుందంటే చెంప మీద కొట్టినట్టయింది. తర్వాత ఆ గుబులు అన్న మాట నిదానంగా లోపలికి దిగింది. అంటే మోటారు ఆపినావా అని అడిగిన ప్రతిసారీ, ఆ ఒక్క మాట కోసం ఈ మనిషి ఎంతసేపు వెతుక్కుని ఉంటాడు. పాపం. నాకు నేను, ఆయనకు ఆయన, ఎవరి జైలుకు వాళ్లే కాపలా.

"నాకూ అంతే అప్పా" అన్నాను. "నువ్వు బెంగుళూరికి పోయిన దినాలే."

తలెత్తి చూశాడు. ఎనిమిదేళ్లలో ఆయన నా మొహాన్ని అంతసేపు చూడలేదు. "అంటే నాదొక్కనిదే కాదా" అన్నాడు, పెద్దగా ఊపిరి వదిలాడు.

"ఇదే మాట పంచాయితీలో చెప్తావా?"

"పెద్దోళ్ల ముందరనా? మీ మామ ముందర?"

"ఆ. నేను చెప్తే ఎవరూ నమ్మరు. పొగరంటారు."

"శానా తిడతారు సుధా."

"తిడతారు."

వీధి చివర మామ కనబడ్డాడు, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఆకులో కట్టిన మల్లెపూలు, దూరం నుంచే మా ఇద్దరినీ చూసి నవ్వుతున్నాడు.

"నువ్వు పక్కనుంటే చెప్తా" అన్నాడు కార్తీక్.

నేను పోయి ఆయన పక్కన నిలబడ్డాను.